సూడోమోనాస్‌ను మొదట్లోనే పట్టడం: బ్రాంకియెక్టాసిస్ చికిత్స చరిత్ర

బ్రాంకియెక్టాసిస్‌లో శ్వాసనాళాల గోడలు దెబ్బతిని, అవి శాశ్వతంగా వెడల్పవుతాయి. కళ్లెను పైకి నెట్టే శక్తి పోతుంది. నిలిచిపోయిన కళ్లెలో బాక్టీరియా స్థిరపడుతుంది. స్టెతస్కోప్‌ను కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు రెనే లాయెనెక్ 1819లో వెలువడిన తన గ్రంథంలో ఈ జబ్బును తొలిసారి వివరంగా వర్ణించారు. బతికున్న రోగిలో నాళాల ఆకారాన్ని స్పష్టంగా చూడటానికి మాత్రం మరో వందేళ్లు పట్టింది. 1922లో సికార్, ఫోరెస్తియే అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు లిపియోడాల్ అనే అయొడిన్ కలిసిన నూనెను శ్వాసనాళాల్లోకి పంపి ఎక్స్‌రే తీసే పద్ధతి తెచ్చారు.

జబ్బు కనిపించినా మందు లేదు. రోగిని తల కిందికి వాల్చి పడుకోబెట్టి కళ్లె కారేలా చేయడం ఒక దారి, చీము పట్టిన భాగాన్ని కోసి తీసేయడం మరొక దారి. 1931లో బెర్లిన్‌లో రుడాల్ఫ్ నిస్సెన్ ఈ జబ్బున్న పన్నెండేళ్ల బాలికకు ఒక ఊపిరితిత్తిని పూర్తిగా తొలగించారు, ఆమె బతికింది. శస్త్రచికిత్స చరిత్రలో అది పెద్ద ఘట్టమే. అయితే జబ్బు రెండు వైపులా వ్యాపించినవారికి కత్తి వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండేది కాదు.

1940లలో పెనిసిలిన్ రావడంతో పరిస్థితి మారింది. ఆ వెంటనే టెట్రాసైక్లిన్ల కుటుంబం వచ్చింది. వాటిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ అమెరికాలోని లెడర్లీ సంస్థలో కనుగొన్నారు. అక్కడి పరిశోధన విభాగానికి అప్పటి డైరెక్టర్ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు లోకానికి వెల్లడైన 1948లోనే ఆయన కన్నుమూశారు. అదే కుటుంబానికి చెందిన ఆక్సీటెట్రాసైక్లిన్‌ను బ్రిటన్ వైద్య పరిశోధన మండలి తీవ్రమైన బ్రాంకియెక్టాసిస్ ఉన్నవారిపై పరీక్షించి 1957లో ఫలితాలు ప్రకటించింది. వారానికి రెండు రోజుల చొప్పున ఏడాది పాటు కొందరికి ఆ మందు, కొందరికి పెనిసిలిన్, మిగిలినవారికి ఉత్త లాక్టోజ్ ఇచ్చారు. ఆక్సీటెట్రాసైక్లిన్ వాడినవారిలో చీముతో కూడిన కళ్లె తగ్గింది. ఈ జబ్బులో దీర్ఘకాలం యాంటీబయాటిక్ వాడటానికి తొలి గట్టి ఆధారం ఇదే. కాకపోతే ఆ చికిత్స ముదిరిన జబ్బును అదుపులో ఉంచడానికే. ఇన్ఫెక్షన్‌ను మొదట్లోనే తుడిచేయాలన్న ఆలోచన అందులో లేదు.

ఆ ఆలోచన పుట్టించింది సూడోమోనాస్ ఎరుజినోసా. గాయాల కట్లకు నీలి ఆకుపచ్చ రంగు పట్టించే ఈ సూక్ష్మజీవిని 1882లో ఫ్రాన్సులో కార్ల్ గెస్సార్ వేరుచేశారు. పెనిసిలిన్‌కు గానీ, మామూలు టెట్రాసైక్లిన్‌లకు గానీ ఇది లొంగదు. 1960లలో వచ్చిన జెంటామైసిన్, కార్బెనిసిలిన్ దానిపై పనిచేశాయి కానీ సూది మందులుగానే ఇవ్వాల్సి వచ్చేది. నోటి ద్వారా తీసుకుని దాన్ని ఎదుర్కొనే సిప్రోఫ్లాక్సాసిన్ 1980ల చివరికి గానీ అందలేదు. పైగా ఈ బాక్టీరియా కొంతకాలం నాళాల్లో నిలిస్తే తన చుట్టూ జిగట పొర అల్లుకుంటుంది. ఆ పొర చాటున ఉన్నవాటిని మందు పూర్తిగా చంపలేదు. అందువల్ల అది తొలిసారి కనిపించిన వారాల్లోనే దెబ్బతీయాలి.

ఈ సూత్రాన్ని మొదట ఆచరణలో పెట్టింది సిస్టిక్ ఫైబ్రోసిస్ వైద్యులు. ఆ జన్యు వ్యాధి ఉన్న పిల్లల కళ్లెను క్రమం తప్పకుండా పరీక్షించడం అప్పటికే అలవాటు కాబట్టి, బాక్టీరియా ఎప్పుడు చేరిందో వారికి తెలిసేది. 1985లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ వైద్యులు తొలిదశలోనే కొలిస్టిన్‌ను నెబ్యులైజర్ ద్వారా పీల్పించిన అనుభవాన్ని ప్రచురించారు. 1991లో కోపెన్‌హాగన్ బృందం 26 మందిపై జరిపిన పరీక్షలో పీల్చే కొలిస్టిన్‌కు సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు జోడించింది. 27 నెలల్లో చికిత్స పొందినవారిలో 14 శాతం మందికి, పొందనివారిలో 58 శాతం మందికి ఇన్ఫెక్షన్ దీర్ఘకాలికమైంది. చిన్న పరీక్షే, కానీ దాని ప్రభావం పెద్దది.

సిస్టిక్ ఫైబ్రోసిస్ లేని పెద్దవాళ్ల విషయంలో మాత్రం నిర్లక్ష్యమే నడిచింది. లండన్ బ్రాంప్టన్ ఆసుపత్రికి చెందిన పీటర్ కోల్ 1980లలో ‘విష వలయం’ అనే భావనను ప్రతిపాదించారు. ఇన్ఫెక్షన్ వల్ల వాపు, వాపు వల్ల నాళాలకు దెబ్బ, దెబ్బతిన్న నాళాల్లో మళ్లీ ఇన్ఫెక్షన్. వలయాన్ని మొదట్లోనే తెంచాలన్న తర్కం అందులో ఉన్నా, పెద్దల్లో దాన్ని పరీక్షించడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. 2012లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక పరిశీలనలో 30 మందిలో 80 శాతానికి చికిత్స తర్వాత సూడోమోనాస్ కనిపించలేదు, తర్వాతి కాలంలో సగానికి కాస్త ఎక్కువ మందే అలా మిగిలారు. 2015లో స్పెయిన్ వైద్యులు 35 మందికి రెండు వారాలు సిరల ద్వారా సెఫ్టజిడిమ్, టోబ్రామైసిన్ ఇచ్చి, ఆపై మూడు నెలలు కొందరికి పీల్చే టోబ్రామైసిన్, కొందరికి ఉత్త ద్రావణం ఇచ్చారు. చివరికి బాక్టీరియా లేకుండా ఉన్నవారు మొదటి వర్గంలో 54.5 శాతం, రెండో వర్గంలో 29.4 శాతం.

ఇంత తక్కువ మందిపై జరిగిన అధ్యయనాలే నేటి మార్గదర్శకాలకు ఆధారం. 2017లో యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ కొత్తగా సూడోమోనాస్ కనిపించిన పెద్దలకు నిర్మూలన చికిత్సను సూచించింది, ఆధారం బలహీనమని ఒప్పుకుంటూనే. ఇతర బాక్టీరియాకు అలాంటి ప్రయత్నం వద్దంది. 2019 నాటి బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ పత్రం ముందు రెండు వారాలు సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు, ఫలించకపోతే సిరల ద్వారా మందులు, ఆపై మూడు నెలల వరకు పీల్చే కొలిస్టిన్, జెంటామైసిన్ లేదా టోబ్రామైసిన్ అని క్రమం చెప్పింది.

భారతదేశంలో 31 ఆసుపత్రుల నుంచి 2,195 మంది రోగుల వివరాలు సేకరించిన రిజిస్ట్రీ ఫలితాలు 2019లో వెలువడ్డాయి. యూరప్ రోగులతో పోలిస్తే ఇక్కడి చిత్రం వేరు. మూడోవంతుకు పైగా రోగులకు ఈ జబ్బు క్షయ మిగిల్చినదే. కళ్లె కల్చర్‌లో ఎక్కువగా దొరికింది మాత్రం ఇక్కడా సూడోమోనాసే. క్షయ నయమయ్యాక ఏళ్ల తరబడి దగ్గుతున్నవారికి కల్చర్ చేయించకపోతే, బాక్టీరియా ఎప్పుడు చేరిందో తెలియదు. అది తెలియనిచోట తొలిదశ చికిత్సను మొదలుపెట్టే వీలే ఉండదు.