బాడుగ బండి నుంచి యాప్ టాక్సీ దాకా: చోదకుని బాధ్యతల పరిణామం

సొంత కారు నడిపే వ్యక్తికి లైసెన్సు ఒక అనుమతి మాత్రమే. టాక్సీ చోదకునికి అది అనుమతితోపాటు ఒక బాధ్యతల పట్టిక కూడా. పిలిచినవారిని ఎక్కించుకోవడం, నిర్ణీత ఛార్జీ తీసుకోవడం, ప్రయాణికులు మరచిన వస్తువులను అప్పగించడం వంటి నియమాలు వేర్వేరు కాలాలలో, వేర్వేరు అవసరాల నుంచి రూపొందాయి. ఈ బాధ్యతలకు ప్రతిగా చోదకునికి దక్కినదేమిటన్నది ఈ చరిత్రలో కీలకమైన ప్రశ్న.

లండన్ నేపథ్యం

లండన్‌లో తొలి నియంత్రణలు బండి చుట్టూనే సాగాయి. 1635లో మొదటి చార్లెస్ రాజు బాడుగ బండ్లను పరిమితం చేస్తూ ప్రకటన వెలువరించాడు. 1654 నాటి శాసనం బండ్ల యజమానుల సంఖ్యను 200కు, 1662 చట్టం లైసెన్సుల సంఖ్యను 400కు పరిమితం చేశాయి. ఈ దశలో పాలకుల దృష్టి వీధుల రద్దీపై, రుసుము ఆదాయంపై నిలిచింది.

19వ శతాబ్దంలో దృష్టి బండి నుంచి మనిషి వైపు మళ్లింది. వీధిలో నిలిచి ఉన్న బండి, అప్పటికే ఎవరూ కుదుర్చుకోనిదైతే, అడిగినవారి వెంట వెళ్లి తీరాలని 1831 చట్టం నిర్దేశించింది. 1843 చట్టం చోదకుడు బ్యాడ్జి ధరించడాన్ని విధిగా చేసింది. బండిలో దొరికిన వస్తువును 24 గంటలలోగా పోలీసు స్టేషనుకు చేర్చాలన్నది 1853 చట్టంలోని నియమం. 1907లో మీటరు తప్పనిసరి కావడంతో ఛార్జీపై బేరసారాలకు ఆస్కారం తగ్గింది. ఈ భారానికి ప్రతిగా వీధిలో ప్రయాణికులను ఎక్కించుకొనే హక్కు లైసెన్సుదారులకే పరిమితమైంది. విధి, రక్షణ జంటగా నిలిచాయి.

భారతీయ చట్టాలు

బ్రిటిష్ ఇండియాలో 1879 నాటి బాడుగ బండ్ల చట్టం, అది అమలైన ప్రాంతాలలో, నియమాలు చేసే అధికారాన్ని పురపాలక సంస్థలకు ఇచ్చింది. 1914, 1939 మోటారు వాహనాల చట్టాల తరువాత ప్రస్తుతం అమలులో ఉన్న 1988 చట్టం వచ్చింది. దీని 66వ సెక్షన్ పర్మిట్‌ను తప్పనిసరి చేయగా, 67వ సెక్షన్ ఛార్జీల విషయమై ఆదేశాలిచ్చే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు కల్పించింది. నిబంధనలకు విరుద్ధంగా సవారీ నిరాకరిస్తే 178వ సెక్షన్ ప్రకారం జరిమానా పడుతుంది. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లవలసినవారికి ఈ నియమమే ఆసరా.

యాప్‌ల కాలం

2019 సవరణ యాప్ సంస్థలను చట్టపరిధిలోకి తెచ్చి, వాటికీ లైసెన్సును విధించింది. 2020 కేంద్ర మార్గదర్శకాలు మూల ఛార్జీలో సగం నుంచి ఒకటిన్నర రెట్ల వరకు ఛార్జీ మారడానికి అనుమతించాయి. అందులో కనీసం 80 శాతం చోదకునికి చెందాలన్నాయి. తగిన కారణం లేకుండా సవారీ రద్దుచేస్తే ఛార్జీలో 10 శాతం, 100 రూపాయలకు మించకుండా, చెల్లించాలన్నాయి.

ఇక్కడే పాత సమతౌల్యం సడలుతుంది. నిరాకరించరాదన్న విధి ముందే తెలిసిన స్థిర ఛార్జీపై ఆధారపడి నిలిచింది. ఇప్పుడు ఛార్జీ గంటగంటకూ మారవచ్చు. దానిని లెక్కకట్టేది సంస్థ, నిరాకరణకు మూల్యం చెల్లించేది చోదకుడు. కనుక అతని బాధ్యతలను పరిశీలించేటప్పుడు అతడు ఏమి చేయాలన్న ప్రశ్నతోపాటు, ఆ పనికి తగిన ప్రతిఫలానికి ఎవరు పూచీ పడుతున్నారన్న ప్రశ్ననూ చేర్చవలసి ఉంటుంది.