వార్డుల మధ్య గోడ

1960ల తొలినాళ్లలో అమెరికాలోని గ్రీన్స్‌బరో పట్నంలో జార్జ్ సిమ్‌కిన్స్ అనే నల్లజాతి దంతవైద్యుడి దగ్గరికి ఒక రోగి వచ్చాడు. పంటికి చీము పట్టింది, వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. నల్లవారి ఆసుపత్రిలో మంచం ఖాళీ లేదు. తెల్లవారి ఆసుపత్రులు చేర్చుకోలేదు.

సిమ్‌కిన్స్ ఊరుకోలేదు. తోటి వైద్యులను, రోగులను కూడగట్టి 1962లో కోర్టుకెక్కాడు. ఆ ఆసుపత్రుల నిర్మాణంలో ప్రభుత్వ సొమ్మూ ఉంది. 1946 నాటి హిల్-బర్టన్ చట్టం ఆసుపత్రులకు నిధులిస్తూనే, నల్లవారికి వేరే వసతి చూపితే చాలని వివక్షకు దారి వదిలింది. 1963 నవంబరులో అప్పీలు కోర్టు ఆ వెసులుబాటును కొట్టేసింది.

మరుసటి ఏడాది జూలై 2న పౌర హక్కుల చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే సంస్థ ఏదైనా జాతి వివక్ష చూపరాదని అందులోని ఆరో అధ్యాయం చెప్పింది. అయినా దక్షిణాది ఆసుపత్రులు చాలావరకు కదల్లేదు. నల్లవారికి వేరే వార్డులే కాదు, కొన్నిచోట్ల రక్తం సీసాలకూ వేరే అరలు ఉండేవి.

వాటిని కదిలించింది మెడికేర్. వృద్ధుల వైద్య ఖర్చును ప్రభుత్వమే భరించే ఈ పథకం 1966 జూలై 1న మొదలైంది. వివక్ష మానని ఆసుపత్రికి అందులో పైసా రాదు. తనిఖీదారులు ఊరూరా తిరిగారు. ఒకే గదిలో నల్లవారినీ తెల్లవారినీ ఉంచుతున్నారా, నల్లజాతి డాక్టర్లను రానిస్తున్నారా అని వార్డుల్లోకి వెళ్లి చూశారు. కొద్ది నెలల్లోనే సుమారు వెయ్యి ఆసుపత్రులు దారికొచ్చాయి.

ఫలితం పసిబిడ్డల ఊపిరిలో కనిపించింది. మిసిసిపీలో న్యుమోనియా, అతిసారంతో కన్నుమూసే నల్లజాతి శిశువుల సంఖ్య 1965 తర్వాత గణనీయంగా తగ్గింది. సమయానికి ఆసుపత్రి తలుపు తెరిస్తే ఆ రెండు జబ్బులూ నయమయ్యేవే.

చట్టం అందని మూలలూ మిగిలాయి. డాక్టర్ల సొంత క్లినిక్‌లను ఈ షరతు నుంచి తప్పించారు. అంతరమూ పూర్తిగా పోలేదు: అమెరికాలో నల్లజాతి తల్లుల ప్రసూతి మరణాల రేటు తెల్లజాతి తల్లులతో పోలిస్తే నేటికీ దాదాపు మూడు రెట్లు.

సిమ్‌కిన్స్‌తో కలిసి దావా వేసినవారిలో ఆల్విన్ బ్లౌంట్ అనే సర్జన్ ఒకరు. ఆ దావా ఎదుర్కొన్న గ్రీన్స్‌బరోలోని మోజెస్ కోన్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసిన తొలి నల్లజాతి డాక్టర్ ఆయనే. 2016లో ఆ ఆసుపత్రి యాజమాన్యం బహిరంగంగా క్షమాపణ చెప్పింది. అప్పటికి ఆ వైద్యుల్లో ప్రాణాలతో ఉన్నది బ్లౌంట్ ఒక్కరే.