నిశ్చలమైన జపమాల

కర్నూలు సీమలో తుంగభద్రా తీరమందలి నాటి మంచాల గ్రామమే నేటి మంత్రాలయము. 1671లో శ్రావణ బహుళ విదియనాడు శ్రీ రాఘవేంద్రస్వామివారు ఇచట సజీవముగా బృందావన ప్రవేశము చేసిరి. ప్రణవజపమున లీనమైన స్వామివారి కరమందు జపమాల నిశ్చలమైనంతనే శిష్యులు శిలలను పేర్చిరని సంప్రదాయము.

చిత్తవిక్షేపములు తొలగుటకు పతంజలి మహర్షియు ప్రణవజపమునే విధించెను. మంత్రమును దీర్ఘముగా పలుకునపుడు నిశ్వాసము నిడివి పెరిగి, శ్వాస నెమ్మదించును. జపవేళ శ్వాస నిమిషమునకు సుమారు 6 పర్యాయములకు తగ్గి, గుండె, రక్తపోటుల లయలు ఒకదానితో నొకటి కలియుటను 2001లో ఇటలీ వైద్యులు ప్రకటించిరి.

మీ ద్రవ్యముతో ఈ ఆలయ శిలలు మరల నిలిచినవి. చెదరిన మనస్సును నిలుపుటకు ద్రవ్యము చాలదు. అది ఎవరికి వారు చేసికొనవలసిన జీర్ణోద్ధరణ. కుంభాభిషేకపు సందడి సద్దుమణిగిన పిదప, ఒక స్తంభము చెంత కూర్చుండి మెల్లగా జపింపుడు.