తాటి కల్లు: ఇథనాల్ ఉత్పత్తి, చర్యలు

తాటి గెల నుంచి ఊరే తియ్యని నీరా పులిసి ఏర్పడే ఇథనాల్ పానీయం తాటి కల్లు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పరిసర పల్లెల్లో గీత కార్మికులు మోకు, ముత్తాదు అనే పనిముట్ల సాయంతో చెట్టెక్కి, గెల కొసను కత్తితో పలుచగా చెక్కి లొట్టి (చిన్న కుండ) కడతారు.

ఉత్పత్తి: నీరాలోని ప్రధాన చక్కెర సుక్రోజ్. లొట్టిలో చేరిన ఈస్టు దాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొట్టి పులియబెడుతుంది. 180 గ్రాముల గ్లూకోజ్ నుంచి సిద్ధాంతరీత్యా 92 గ్రాముల ఇథనాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. నురగకు ఈ వాయువే కారణం. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం మందగిస్తుంది.

చర్యలు: నిలవ కల్లులో అసిటోబాక్టర్ బాక్టీరియా ఇథనాల్‌ను ఆక్సీకరించి ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఇక ప్రయోగశాలలో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో శుద్ధ ఇథనాల్ 140° సెల్సియస్ వద్ద డైఇథైల్ ఈథర్‌ను, 170° వద్ద ఇథిలీన్‌ను ఇస్తుంది.

ప్రాధాన్యం: చక్కెర ఆల్కహాలుగా, ఆల్కహాలు ఆమ్లంగా మారే క్రమం ఒకే లొట్టిలో కనిపిస్తుంది.