కాంక్రీట్ పోసేముందే చూడాలి: ఫోన్ యాప్‌ల వెనక కథ

ఈ వారం ఎపిసోడ్‌లో టైం సరిపోక చరిత్ర భాగం వదిలేశాం. అది ఇక్కడ రాస్తున్నా.

మా క్యాంపులో ఒక తమ్ముడు అర్జెంటుగా డబ్బు కావాలని లోన్ యాప్ వేసుకున్నాడు. కాంటాక్ట్స్ అడిగింది, ఫోటోలు అడిగింది. అన్నిటికీ 'అలో' నొక్కాడు. కిస్తీ నాలుగు రోజులు లేటయ్యేసరికి ఊళ్లో వాళ్లమ్మకి, చెల్లెలి అత్తగారింటికి బెదిరింపు ఫోన్లు పోయాయి. అప్పు తీరిపోయింది గానీ ఆ అవమానం ఇంకా మర్చిపోలేదు వాడు.

యాప్ లోపల ఏం జరుగుతుందో వాడుకునేవాడికి తెలియాలా వద్దా? ఈ పంచాయితీ పాతదే. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ల్యాబ్‌కి కొత్త లేజర్ ప్రింటర్ వచ్చింది. పేపర్ ఇరుక్కుంటే అందరికీ కబురు వెళ్లేలా పాత ప్రింటర్ ప్రోగ్రాంని రిచర్డ్ స్టాల్‌మన్ మార్చుకున్నాడు. కొత్తదాని సోర్స్ కోడ్ మాత్రం ఇవ్వలేదు. కోడ్ అంటే మన భాషలో డ్రాయింగ్ అనుకోండి. ఆ కోపం ఆయన మనసులో ఉండిపోయింది. 1983లో గ్నూ ప్రాజెక్ట్ ప్రకటించాడు: కోడ్ ఎవరైనా చూడాలి, మార్చుకోవాలి, పంచుకోవాలి అని. 1991లో ఫిన్లాండ్ కుర్రాడు లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ విడుదల చేశాడు. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌కి పునాది ఆ లినక్సే.

పునాది అందరికీ తెరిచి ఉన్నా, దాని మీద కట్టిన గదులకు తాళాలు పడ్డాయి. 2013లో అమెరికా ప్రభుత్వ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక టార్చిలైట్ యాప్‌ని పట్టుకుంది. లైటు వెలిగించడమే దాని పని. కానీ మనిషి ఎక్కడున్నాడో ప్రకటనల కంపెనీలకు పంపేది. కోట్ల ఫోన్లలోకి ఎక్కిన యాప్ అది.

ఇంకోపక్క మంచి పనీ నడిచింది. 2010లో ఎఫ్-డ్రాయిడ్ మొదలైంది. అందులో ఓపెన్ సోర్స్ యాప్‌లే ఉంటాయి. ఏదైనా యాప్ మన వివరాలు బయటికి పంపుతుంటే ఆ సంగతి అక్కడే రాసిపెడతారు. మెసేజ్‌కి తాళం వేసే సిగ్నల్ పద్ధతి ఎంత గట్టిదంటే, 2016లో వాట్సాప్ కూడా దాన్నే వాడుకుంది.

ఓపెన్ సోర్స్ అంటే తప్పే ఉండదని కాదు. 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ లోపం ఓపెన్ కోడ్‌లోనే రెండేళ్లు దాక్కుంది. డ్రాయింగ్ గోడకి అంటించినా, చూసేవాడు ఉండాలి కదా.

సైట్‌లో మనం స్టీల్ చెక్ చేశాకే కాంక్రీట్ పోస్తాం. పోశాక లోపల ఏముందో కనబడదు. యాప్ కూడా అంతే, చూడాల్సింది వేసుకోకముందే. నేను పాటలకూ వీడియోలకూ వీఎల్‌సీ, నెట్ లేనిచోట దారికి ఆర్గానిక్ మ్యాప్స్, మెసేజ్‌లకు సిగ్నల్ వాడతా. నెట్ కాల్స్ విషయంలో మాత్రం మీరున్న దేశం రూల్ చూసుకోండి.

ఈ రాత్రి డ్యూటీ నుంచి వచ్చాక సెట్టింగ్స్‌లో పర్మిషన్స్ తెరవండి. టార్చికి కాంటాక్ట్స్ ఎందుకు? లేని అవసరానికి ఇచ్చిన అనుమతి తీసేయండి. తెలియకపోతే ఎపిసోడ్ కింద అడగండి, కలిసి చూద్దాం.