సీపీకే: రిపోర్టులో మూడక్షరాలు, మన కండ కథ

ఎండాకాలం వస్తే మన క్యాంపుల్లో "వాడికి సీపీకే పెరిగిందట" అనే మాట వింటుంటాం. అదేంటో ఇవాళ చెప్పుకుందాం.

పూర్తి పేరు క్రియాటిన్ ఫాస్ఫోకైనేజ్. నోరు తిరగదు గానీ విడదీస్తే తేలికే. 1832లో షెవ్రాల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మాంసం ఉడికించిన నీళ్లలోంచి ఒక పదార్థం తీశాడు. గ్రీకులో క్రెయాస్ అంటే మాంసం. అందుకే దానికి క్రియాటిన్ అని పేరు పెట్టాడు. ఫాస్ఫో అనేది ఫాస్ఫరస్ నుంచి వచ్చింది, వెలుగును మోసేదని అర్థం. కైనేజ్‌లో ఉన్నది కదిలించడం అనే గ్రీకు మాట. మనం శుక్రవారం చూసే సినిమా అన్న మాటకీ వేరు అదే! చివరి 'ఏజ్' ఎంజైమ్ అని చెప్పే గుర్తు. 1833లో మొలకెత్తిన బార్లీలోంచి తీసిన డయాస్టేజ్ పేరులోని తోకనే తర్వాత మిగతా ఎంజైములకీ తగిలించారు.

ఇందులో మన తెలుగాయన చెయ్యి కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు డాక్టరు చదువు చదివి అమెరికా వెళ్లి, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. మనలాగే వలస వెళ్లిన మనిషి. 1927లో ఆయన, ఫిస్కే కలిసి కండలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని లోకానికి చెప్పారు. మనం సిమెంటు బస్తా ఎత్తిన మొదటి క్షణాల్లో కండకి బలమిచ్చేది అదే. అందులోని ఫాస్ఫేటును అందించే ఎంజైమే ఈ సీపీకే. ఆ పని ఎలా జరుగుతుందో 1934లో జర్మనీలో లోమన్ చూపించాడు.

ఈ ఎంజైమ్ ఉండాల్సింది కండలో. ఎండలో, నీళ్లు తాగకుండా, ఒళ్లు విరిగేలా పని చేస్తే కండ చితికి అది రక్తంలోకి కారుతుంది. వందా రెండొందల దగ్గరుండే అంకె వేలల్లోకి పోతుంది. దాంతోపాటు కండలోని ఎర్ర పదార్థం వచ్చి కిడ్నీలను పాడుచేస్తుంది. గుండెపోటులోనూ సీపీకే పెరుగుతుంది, కాబట్టి ఏది ఎందుకో డాక్టరే తేల్చాలి.

మనం చూడాల్సింది ఒకటుంది. ఒళ్లునొప్పులతో మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే నొప్పి మాత్ర మింగి పడుకోవద్దు, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని ఆపాలని ఇక్కడి రూలు. ఆ రెండున్నర గంటలు నీడన కూర్చోండి, నీళ్లు తాగండి. కొత్తగా వచ్చిన తమ్ముళ్లకి కూడా ఈ మాట చెప్పండి.