ధర ఎవరి సొత్తు?

వాటాల క్రయవిక్రయములకై ఇంటనే కంప్యూటరు ప్రోగ్రాము వ్రాసికొనదలచినచో మనకు మొదట కావలసినది ధరల పట్టిక. అది ఉచితముగా దొరకునా అను ప్రశ్న చాల పాతది.

1867లో న్యూయార్కునందు ఎడ్వర్డ్ కాలహన్ నిర్మించిన టికరు యంత్రము, తంతిమార్గమున వచ్చు వాటాల ధరలను కాగితపు పట్టీపై అచ్చొత్తెను. ధరలు దూరమునకు పోసాగినంతనే వానిపై తగవులును పుట్టినవి. ఒడంబడిక లేకయే ధాన్యపు ధరలను గ్రహించిన యొక దళారీ సంస్థపై షికాగో వర్తక మండలి వేసిన వ్యాజ్యములో, ఆ సమాచారము మండలి సొత్తేయని 1905లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. బేరమాడువారు వేలమంది, ఆ బేరమునుండి పుట్టిన అంకెకు యజమాని యొక్కడే!

నేడును క్షణక్షణము మారు ధరకు సాధారణముగా మూల్యము చెల్లింపవలసియున్నది. ముగిసిన దినపు ధర మాత్రము సులభము. ముంబయిలోని నేషనల్ స్టాక్ ఎక్స్చేంజి ప్రతి వ్యాపారదినాంతమున ‘భావ్‌కాపీ’ అను పట్టికను ఉచితముగా వెలువరించుచున్నది. దినమునకొక ధరతో పనిచేయు ప్రోగ్రామును పరీక్షించుటకు మనకది చాలును.

అయితే ఒక్క జాగ్రత్త. ఒక వాటాను రెండుగా విభజించిననాడు ధర ఇంచుమించు సగమగును. పాత పట్టికలలోని ధరలు మాత్రము మారవు. వానిని మనమే సవరింపవలెను. లేనిచో సొమ్ము పోకపోయినను పోయినదని భ్రమించి, మన ప్రోగ్రాము మంచి వాటాలను తెగనమ్మును.